ఇంకొకరి క్లిప్ మన వీడియోలో వాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

యూట్యూబ్‌లో, ఇన్‌స్టాలో, ఫేస్‌బుక్‌లో తెలుగు ఛానళ్ళు నడిపేవాళ్ళు, వాళ్ళ దగ్గర ఎడిటింగ్ చేసేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. ప్లాట్‌ఫామ్‌లు తమ నిబంధనలను మారుస్తూనే ఉంటాయి కాబట్టి పెద్ద నిర్ణయం తీసుకునే ముందు వాళ్ళ హెల్ప్ పేజీ ఒకసారి చూసుకోండి. లీగల్ నోటీసు చేతికొస్తే మాత్రం లాయర్‌నే కలవండి.

క్లిప్ ఓనర్ దగ్గర పర్మిషన్ తీసుకున్నాను. అయినా యూట్యూబ్ మానిటైజేషన్ ఇవ్వలేదు. ఎందుకు?

ఇక్కడ రెండు వేర్వేరు పరీక్షలున్నాయి. మొదటిది కాపీరైట్. ఆ దృశ్యం మీద హక్కు ఎవరిది, వాళ్ళు ఒప్పుకున్నారా, ఒప్పుకోకపోయినా చట్టం మీకు వీలు కల్పిస్తోందా అని చూస్తుంది. రెండోది ఒరిజినాలిటీ. ఈ వీడియోలో మీరు చేసిందేమిటి అని చూస్తుంది. ఒకటి పాసైనంత మాత్రాన రెండోది పాసైనట్టు కాదు. యూట్యూబ్ 'రీయూజ్డ్ కంటెంట్' పాలసీలో ఈ మాట సూటిగానే ఉంది. పర్మిషన్ ఉన్నా, ఛానల్ మీద ఒక్క క్లెయిమ్ (ఇది మాదని హక్కుదారు పెట్టే దావా) లేకపోయినా, వేరేవాళ్ళ వీడియోలను పెద్దగా మార్పు లేకుండా పెట్టే ఛానల్‌కు డబ్బులివ్వరు. అటునుంచి చూసినా అంతే. మీరే రాసి, మీరే గొంతిచ్చి, కష్టపడి ఎడిట్ చేసిన వీడియో కూడా వెనకాల మోగిన పదిహేను సెకన్ల సినిమా పాట వల్ల క్లెయిమ్‌లో పడుతుంది.

ఎడిటర్లకు నేను చెప్పే పరీక్ష ఒకటుంది. టైమ్‌లైన్‌లో వేరేవాళ్ళ క్లిప్పులన్నిటినీ హైడ్ చేసి, వాటి సౌండ్ మ్యూట్ చేసి, వీడియోను మొదటినుంచి ప్లే చేయండి. మీ మాట, మీ గ్రాఫిక్స్, మీరు తీసిన షాట్లతోనే విషయం చాలావరకు అర్థమవుతుంటే ఆ వీడియో మీదే. నల్ల తెర తప్ప ఏమీ మిగలకపోతే రెండో పరీక్షలో పోయినట్టే, చాలాసార్లు మొదటిదాంట్లో కూడా.

మానిటైజేషన్ రివ్యూలో యూట్యూబ్ వాళ్ళు అసలేం చూస్తారు?

ఒక్క వీడియో చూసి తేల్చరు, ఛానల్ మొత్తాన్ని చూస్తారు. అన్ని వీడియోలూ చూడటం కుదరదు కాబట్టి ఛానల్ ప్రధాన విషయం, ఎక్కువ వ్యూస్ వచ్చినవి, కొత్తవి, వాచ్ టైమ్‌లో పెద్ద వాటా ఉన్నవి, టైటిళ్ళు, థంబ్‌నెయిళ్ళు, వివరణలు పరిశీలిస్తారు. మన వాళ్ళు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. కొత్తగా పెట్టిన 30 వీడియోలు చక్కగా సొంతంగా చేసి ఉంటారు. కానీ రెండేళ్ళ కింద ఎత్తి పెట్టిన ఒక కామెడీ సీన్‌కు లక్షల్లో వ్యూస్ ఉంటాయి, ఛానల్ వాచ్ టైమ్‌లో సగం దానిదే అవుతుంది. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటలు అనే లెక్క పూర్తయ్యాక కూడా రిజెక్ట్ అవడానికి అదొక్కటి చాలు. అప్లై చేసే ముందు అలాంటివి తీసేయండి. గంటలు తగ్గుతాయని బాధగానే ఉంటుంది, కానీ తప్పదు.

రిజెక్ట్ అయితే 21 రోజుల్లోపు అప్పీల్ చేసుకోవచ్చు. అప్పీల్‌తో పాటు, వీడియోలు మీరే ఎలా తయారుచేస్తారో చూపించే చిన్న వీడియో పంపే వీలుంది. అందులో మీ ముఖం, మీ స్క్రిప్టు కాగితాలు, ఎడిటింగ్ టైమ్‌లైన్, వాయిస్ ఓవర్ చెప్పే చోటు చూపించండి. 'సార్ ప్లీజ్' అని రాసే పేరా కంటే ఇది ఎన్నో రెట్లు పనిచేస్తుంది.

2025 జులై 15 నుంచి యూట్యూబ్ 'ఇనాథెంటిక్ కంటెంట్' అనే పేరు వాడుతోంది. ఇది కొత్త నిషేధమని అప్పట్లో పుకార్లు బాగా నడిచాయి. ఒకే అచ్చులో గుంపగుత్తగా తయారయ్యే వీడియోల మీద ముందే ఉన్న పాలసీకి అది కొత్త పేరు. రీయూజ్డ్ కంటెంట్ పాలసీ వేరుగా అలాగే ఉంది.

10 సెకన్ల లోపు వాడితే ఏమీ కాదంటారు. నిజమేనా?

కాదు. 10 సెకన్లు, 7 సెకన్లు, 30 సెకన్లు అనే లెక్క మన చట్టంలో లేదు, అమెరికా చట్టంలోనూ లేదు. 2024 నవంబర్‌లో నయనతార రాసిన బహిరంగ లేఖ మీకు గుర్తుండే ఉంటుంది. తన డాక్యుమెంటరీలో ఒక సినిమా షూటింగ్ దృశ్యాలు 3 సెకన్లు వాడినందుకు నిర్మాత ధనుష్ తరఫు నుంచి 10 కోట్లు అడుగుతూ నోటీసు వచ్చిందని ఆవిడ రాశారు. ఆ గొడవ మద్రాస్ హైకోర్టుకు వెళ్ళింది. 2025 మేలో యూట్యూబర్ మోహక్ మంగల్, వార్తా సంస్థ ఏఎన్ఐ క్లిప్పులు కొన్ని సెకన్లు వాడినందుకు తన ఛానల్‌కు స్ట్రైకులు (మూడు పడితే ఛానల్ పోయే హెచ్చరికలు) పడ్డాయని, వాటిని తీయడానికి లక్షల్లో అడిగారని వీడియో పెట్టారు. తన హక్కులు తాను కాపాడుకుంటున్నానన్నది ఏఎన్ఐ వాదన. ఆ వివాదం కూడా ఢిల్లీ హైకోర్టు దాకా పోయింది.

అలాగని ప్రతి సెకనూ నేరం కాదు. 2012లో ఇండియా టీవీ, యశ్‌రాజ్ ఫిల్మ్స్ మధ్య నడిచిన కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్, ఒక టీవీ కార్యక్రమంలో గాయని తన సినిమా పాటల్లోంచి కొన్ని పంక్తులు పాడటం లాంటి వాడకం చట్టం పట్టించుకోనంత స్వల్పమని తేల్చింది. నిడివి ఒక అంశమే, అదొక్కటే తీర్పు చెప్పదు. ఎందుకు వాడారు, అసలు వీడియోలో అది ఎంత కీలకమైన భాగం, మీ వీడియో చూశాక అసలుది చూడాల్సిన అవసరం లేకుండా పోతుందా అన్నవి కూడా చూస్తారు. క్రికెట్‌లో ఆఖరి బంతి సిక్సర్ 4 సెకన్లే, కానీ ఆ మ్యాచ్‌కు ప్రాణం అదే.

ఇండియాలో ఫెయిర్ యూజ్ ఉందా?

మన కాపీరైట్ చట్టం, 1957లో ఉన్నది 'ఫెయిర్ డీలింగ్'. సెక్షన్ 52 కింద సొంత వాడకానికి, పరిశోధనకు, విమర్శకు లేదా సమీక్షకు, వర్తమాన సంఘటనల రిపోర్టింగ్‌కు న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. ఈ గదుల్లో ఏదో ఒకదాంట్లోకి మీ వాడకం రావాలి. అమెరికా చట్టం సెక్షన్ 107లో గదులు లేవు, నాలుగు అంశాలు తూచి చూస్తారు. వాడిన ఉద్దేశం, అసలు రచన స్వభావం, తీసుకున్న మోతాదు, అసలు దాని మార్కెట్‌కు జరిగే నష్టం.

రెండూ తెలుసుకోవాలని ఎందుకంటున్నానంటే, మీరు ఖమ్మంలో కూర్చుని అప్‌లోడ్ చేసినా యూట్యూబ్ టేక్‌డౌన్ (ఫిర్యాదుతో వీడియో తీయించే) వ్యవస్థ అమెరికా డిజిటల్ కాపీరైట్ చట్టమైన డీఎంసీఏ పద్ధతిలో నడుస్తుంది. మీ మీద హైదరాబాద్‌లో కేసు వేస్తే మాత్రం మన చట్టమే వర్తిస్తుంది. తెలిసీ ఉల్లంఘించినట్టు రుజువైతే సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఇంకో విషయం. రెండు చోట్లా ఇది మీ తరఫు వాదన మాత్రమే. 'ఇది ఫెయిర్ యూజ్' అని డిస్క్రిప్షన్‌లో రాసుకుంటే అయిపోదు, ఒప్పుకోవాల్సింది కోర్టు.

ఎంత మార్పు చేస్తే సరిపోతుంది? ఒక ఉదాహరణ చెప్పండి.

1957 నాటి 'మాయాబజార్' తీసుకుందాం. వెన్నెల్లో పడవ మీద వెళ్ళే పాట అందరికీ తెలిసిందే. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ పనితనం మీద మీరు ఆరు నిమిషాల వీడియో చేస్తున్నారనుకోండి.

మొదటి పద్ధతి: పాట మొత్తం ఆడనిచ్చి, మూలన మీ ముఖం పెట్టి, చివర్లో 'అద్భుతం కదా ఫ్రెండ్స్' అనడం. చూసేవాడు పాట చూసి వెళ్ళిపోతాడు. మీ వీడియో అసలు పాటకు బదులుగా నిలబడింది కాబట్టి రెండు పరీక్షలూ పోయాయి.

రెండో పద్ధతి: ముందు వెన్నెలను తెర మీద చూపించడం బ్లాక్ అండ్ వైట్ కాలంలో ఎందుకు కష్టమో మీ గొంతుతో చెప్పండి. అప్పుడు షాట్ 5 సెకన్లు రానివ్వండి, పాట మ్యూట్ చేసి. ఫ్రేమ్ ఆపండి. నీటి మీద వెలుగు ఎటునుంచి పడుతోందో బాణం గీయండి. ముఖాల మీద నీడ ఎంత మెత్తగా ఉందో జూమ్ చేసి చూపించండి. పక్కనే మీరు మీ ఊరి చెరువు దగ్గర అలాంటి వెలుగులో తీసిన షాట్ పెట్టి పోల్చండి. మళ్ళీ 4 సెకన్లు అసలు షాట్. ఆరు నిమిషాల్లో సినిమా నుంచి తీసుకున్నది అర నిమిషం కూడా ఉండదు, ఆ ప్రతి సెకనుకూ మీరు చెప్పే ఒక వాక్యం తోడుగా ఉంటుంది. మీరు చెప్పేదానికి క్లిప్ సాక్ష్యంగా వచ్చింది. విమర్శ, సమీక్ష అంటే ఇదే.

సౌండ్ మ్యూట్ చేయమన్నది ఊరికే కాదు. మీ విషయం వెలుగు గురించి, పాట గురించి కాదు. అవసరం లేనిది తీసుకోకపోవడం వల్ల మీ వాదన గట్టిపడుతుంది. పైగా కంటెంట్ ఐడీ (ఇతరుల పాటలు, దృశ్యాలు ఉన్న వీడియోలను తనంతట తానే గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థ) ఎక్కువగా పట్టుకునేది పాటనే.

అంత పాత సినిమాకు కాపీరైట్ అయిపోయి ఉంటుంది కదా?

చాలా మంచి ప్రశ్న, చాలామంది సగం తెలుసుకుని ఆగిపోయే ప్రశ్న కూడా. మన దేశంలో సినిమాకు, విడుదలైన తర్వాతి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్ళు కాపీరైట్. 1957లో వచ్చిన సినిమాకు 2017 డిసెంబర్ 31తో ముగిసింది. అంటే సినిమాగా దాని మీద ఇండియాలో ఆ హక్కు లేదు.

కానీ అందులోని పాటల సాహిత్యం వేరే రచన. దానికి రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు కాబట్టి ఆయన సాహిత్యానికి 2031 చివరిదాకా రక్షణ ఉంటుంది. బాణీల లెక్క కూడా అలాగే స్వరకర్తల జీవితకాలాన్ని బట్టి ఇంకా ముందుకు పోతుంది. ఇక 2010లో ఈ సినిమాను రంగుల్లోకి మార్చి విడుదల చేశారు. మీరు ఆ రంగుల ప్రతి నుంచి క్లిప్ తీస్తే కొత్త హక్కు తమదని వాళ్ళు వాదించవచ్చు. అమెరికాలో అయితే ఆ కాలపు సినిమాలకు సాధారణంగా విడుదల నుంచి 95 ఏళ్ళ లెక్క. కాబట్టి డాలస్‌లో ఉన్న మీ వ్యూయర్‌కు వీడియో బ్లాక్ అయి, విజయవాడలో ఆడుతుంటే కంగారు పడకండి, కారణం ఇదే కావచ్చు.

పాత సినిమాల మీద పనిచేసేవాళ్ళు నలుపు తెలుపు ప్రతినే వాడటం, పాటలకు బదులు సంభాషణల సన్నివేశాలు ఎంచుకోవడం మేలు.

రియాక్షన్ వీడియోలు చేయొచ్చా?

ఎలా చేస్తారన్నదాన్ని బట్టి. అమెరికాలో 2017లో హొస్సేన్‌జాదే వర్సెస్ క్లెయిన్ అనే కేసులో తీర్పు వచ్చింది. ఈథన్, హీలా క్లెయిన్ దంపతులు దాదాపు 14 నిమిషాల వీడియోలో వేరొకరి ఐదున్నర నిమిషాల వీడియో నుంచి 3 నిమిషాల 15 సెకన్లు వాడారు. కొంచెం చూపించడం, ఆపడం, విమర్శించడం, మళ్ళీ కొంచెం చూపించడం. న్యూయార్క్ కోర్టు దాన్ని ఫెయిర్ యూజ్ అంది. అదే తీర్పులో జడ్జి ఒక హెచ్చరిక కూడా చేశారు. అన్ని రియాక్షన్ వీడియోలూ ఇలాంటివి కావని, కొన్ని ఏ వ్యాఖ్యా లేకుండా అందరూ కూర్చుని కలిసి చూడటం లాంటివేనని.

మన తెలుగులో ట్రైలర్ రియాక్షన్లు చాలావరకు ఆ రెండో రకమే. ట్రైలర్ ప్రచారం కోసమే కదా అని కొందరు నిర్మాతలు ఊరుకుంటారు. వాళ్ళు ఊరుకోవడం వేరు, మీకు హక్కు ఉండటం వేరు. రేపు మనసు మారితే మీ దగ్గర కాగితం ఉండదు.

'మూవీ ఎక్స్‌ప్లెయిన్డ్ ఇన్ తెలుగు' వీడియోల సంగతి?

గొంతు మీదే, స్క్రిప్టు మీదే, అయినా ఇది చాలా ప్రమాదకరమైన రకం. తెర మీద మొదటినుంచి చివరిదాకా నడిచేది సినిమా దృశ్యాలే. చెప్పేది కూడా సినిమా కథే. అది చూశాక సినిమా చూడాల్సిన పని ఉండదు. జపాన్‌లో వీటిని 'ఫాస్ట్ మూవీస్' అంటారు. సినిమాను 10 నిమిషాలకు కుదించి వాయిస్ ఓవర్ చెప్పేవాళ్ళను 2021లో అరెస్టు చేశారు, శిక్షలు కూడా పడ్డాయి. 2022 నవంబర్‌లో టోక్యో జిల్లా కోర్టు ఇద్దరిని 13 కంపెనీలకు 50 కోట్ల యెన్‌లు చెల్లించమంది.

కథలు చెప్పడం మీకు నిజంగా వస్తే దృశ్యాలు వదిలేయండి. మీ ముఖం, గీసిన బొమ్మలు, మ్యాపులు, పాత్రల మధ్య సంబంధాలు చూపించే చార్టులతో చెప్పండి. కథను ఉన్నదున్నట్టు ఒప్పజెప్పకుండా, ఆ పాత్ర అలా ఎందుకు చేసింది, స్క్రీన్‌ప్లే ఎక్కడ తడబడింది అన్నది మాట్లాడండి. అప్పుడది సమీక్ష అవుతుంది.

'క్రెడిట్స్ టు ఓనర్' అని పెడితే చాలా?

చాలదు. ఎవరిదో తెలిసే వాడుకున్నామని మీరే రాసిచ్చినట్టు కూడా అవుతుంది. పేరు చెప్పడం మర్యాద, తప్పకుండా చెప్పండి. అనుమతి మాత్రం వేరే తీసుకోవాలి.

వీడియోను మిర్రర్ చేసి, కొంచెం జూమ్ చేసి, పిచ్ మారిస్తే?

చేయకండి. ఈరోజు దొరకకపోయినా, కంటెంట్ ఐడీ పాత అప్‌లోడ్లను కూడా వెతుకుతూనే ఉంటుంది. దొరికిన రోజున, తప్పించుకోవడానికే ఇలా చేశారన్నది మీ వీడియోలోనే కనిపిస్తుంది. అక్కడ ఇక ఫెయిర్ డీలింగ్ అని ఏ ముఖం పెట్టుకుని అంటాం?

బీజీఎం, పాటల విషయంలో ఏం జాగ్రత్త?

ఒక సినిమా పాట క్లిప్‌లో సినిమా దృశ్యం, రికార్డింగ్, బాణీ, సాహిత్యం అని ఇన్ని పొరలుంటాయి. హక్కులు వేర్వేరు చేతుల్లో ఉండొచ్చు. నిర్మాత మీకు తెలిసినవాడే కావచ్చు, 'వాడుకో తమ్ముడూ' అనొచ్చు. ఆడియో హక్కులు ఆదిత్య, లహరి, సరిగమ లాంటి ఏదో ఒక మ్యూజిక్ కంపెనీకి అమ్మేసి ఉంటే ఆయన మాట పనికిరాదు.

షార్ట్స్‌లో, రీల్స్‌లో యాప్ ఇచ్చే పాటల లైబ్రరీ ఉంది కదా, అది ఆ యాప్‌లో ఆ రకం వీడియోకే. అక్కడ చేసిన రీల్‌ను డౌన్‌లోడ్ చేసి యూట్యూబ్‌లో పెద్ద వీడియోలో కలిపితే ఆ లైసెన్సు వెంట రాదు. బట్టల షాపు వాళ్ళు డబ్బులిచ్చి చేయించుకున్న ప్రమోషన్ రీల్‌కు సినిమా పాట పెట్టడం ఇంకా ప్రమాదం, వ్యాపార ప్రకటనలకు ఆ అనుమతి వర్తించదు. మామూలు వీడియోలకు యూట్యూబ్ ఆడియో లైబ్రరీ ఉచితం. ఇంకా మంచి దారి కావాలంటే మీ ఊళ్ళో కీబోర్డు, తబలా వాయించే కుర్రాళ్ళున్నారు. వాళ్ళకు డబ్బులిచ్చి, రాసుకుని, రెండు నిమిషాల ట్యూన్ చేయించుకోండి. ఛానల్‌కు ఒక గుర్తింపు వస్తుంది.

క్రికెట్ క్లిప్పులు?

వద్దు. ప్రసార హక్కులకు వేల కోట్లు పెట్టినవాళ్ళు నిమిషాల్లో తీయిస్తారు. స్కోరు, ఎవరు ఎలా అవుటయ్యారు అన్నవి సమాచారం, వాటి మీద కాపీరైట్ లేదు. ఫీల్డ్ ప్లేస్‌మెంట్‌ను గ్రాఫిక్‌లో గీసి, బంతి పోయిన దారి చూపించి మాట్లాడే ఛానళ్ళు హాయిగా నడుస్తున్నాయి.

ప్రభుత్వ వీడియోలు అందరివీ కదా?

అమెరికాలో అవును. అక్కడి ఫెడరల్ ప్రభుత్వ రచనలకు వాళ్ళ చట్టం కాపీరైట్ ఇవ్వదు. అందుకే నాసా దృశ్యాలు మామూలుగా వాడుకోవచ్చు, నాసా లోగోతో మీ ఛానల్‌ను వాళ్ళు మెచ్చుకున్నట్టు చూపించకుండా ఉంటే చాలు. మన దగ్గర అలా కాదు. ప్రభుత్వ రచనకు మొదటి హక్కుదారు ప్రభుత్వమే, 60 ఏళ్ళ కాపీరైట్ ఉంటుంది. ఇస్రో వీడియో అయినా, రాష్ట్ర సమాచార శాఖ వీడియో అయినా ఆ వెబ్‌సైట్‌లో కాపీరైట్ పాలసీ పేజీ ఉంటుంది, అది చదవండి. వార్తగా చెప్పడానికి న్యాయమైన మేరకు వాడటం సెక్షన్ 52లోకి వస్తుంది. కోర్టుల లైవ్ ప్రసారాల విషయంలో మరింత జాగ్రత్త, అనుమతి లేకుండా రికార్డు చేసి పంచుకోకూడదని హైకోర్టుల నిబంధనలు చెబుతున్నాయి.

క్రియేటివ్ కామన్స్ అని ఉన్నవి?

క్రియేటివ్ కామన్స్ (సీసీ) అంటే చేసినవాళ్ళే కొన్ని షరతులతో అందరికీ ఇచ్చే లైసెన్సు. వాడుకోండి, ఆ షరతులు పాటిస్తూ. 'సీసీ బై' అంటే అసలు వీడియో పేరు, చేసినవారి పేరు, లింకు, లైసెన్సు పేరు ఇచ్చి, మీరు మార్పులు చేశారని చెప్పాలి. 'ఎన్‌సీ' ఉంటే వ్యాపారానికి వాడకూడదు, 'ఎన్‌డీ' ఉంటే మార్చిన ప్రతిని పంచకూడదు. ఒక్క అనుమానం మాత్రం ఎప్పుడూ పెట్టుకోండి. పెట్టినవాడిదేనా ఆ వీడియో? ఎత్తుకొచ్చిన సినిమా సీన్‌కు ఎవరో సీసీ అని టిక్ పెడితే ఆ టిక్‌కు విలువ లేదు.

పర్మిషన్ ఎలా అడగాలి? మెసేజ్ ఎలా రాయాలి?

నాకు ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమనిపించే ప్రశ్న ఇదే. పొలంలో పాట పాడిన అవ్వ వీడియో, వాగు దాటించిన ట్రాక్టర్ వీడియో, బడిలో పిల్లల నాటకం. ఇలాంటివి తీసినవాళ్ళకు పేరు కూడా రాకుండా పెద్ద పేజీలు లక్షల వ్యూస్ లాగేసుకోవడం రోజూ జరుగుతోంది. అడగడానికి పట్టేది రెండు నిమిషాలు. ఇలా రాయొచ్చు:

'నమస్తే అన్నా. మీరు మొన్న పెట్టిన వాగు వీడియో చూశాను. వరదల మీద నేను చేస్తున్న వీడియోలో దాన్నుంచి 12 సెకన్లు వాడుకుందామని అనుకుంటున్నాను. యూట్యూబ్, ఇన్‌స్టా రెండింట్లో పెడతాను, యాడ్స్ వస్తాయి. వీడియో మీద మీ పేరు, కింద మీ లింకు ఇస్తాను. ఇది మీరే తీశారా? వాడుకోవడానికి ఒప్పుకుంటే అవునని రాయండి. డబ్బులు ఏమైనా ఆశిస్తే మొహమాటపడకుండా చెప్పండి.'

ఏ క్లిప్, ఎంతసేపు, ఎక్కడ, డబ్బు వస్తుందా, పేరు ఎలా వేస్తారు, తీసింది వాళ్ళేనా. ఇవన్నీ అందులో ఉన్నాయి చూడండి. జవాబు స్క్రీన్‌షాట్ తీసి ఆ వీడియో ఫోల్డర్‌లోనే దాచండి. పెద్ద పనైతే సంతకంతో కాగితం రాసుకోండి, చట్టం లైసెన్సు రాతపూర్వకంగానే ఉండాలంటుంది. ఒప్పందంలో ఎన్నేళ్ళు, ఏ దేశాలు అన్నది తప్పక రాయండి. రాయకపోతే హక్కుల బదిలీని చట్టం 5 ఏళ్ళకు, ఇండియాకు మాత్రమే పరిమితంగా చూస్తుంది. అమెరికాలో, గల్ఫ్‌లో వ్యూయర్స్ ఉన్న తెలుగు ఛానల్‌కు అది సరిపోదు.

క్లిప్‌లో కనిపించే మనిషి వేరు, తీసిన మనిషి వేరు అయితే ఇద్దరినీ అడగండి. పిల్లలుంటే తల్లిదండ్రులను.

నేను పెళ్ళిళ్ళ వీడియోగ్రాఫర్‌ని. నేను తీసిన పెళ్ళి వీడియో ముక్కలు రీల్స్ పెట్టుకోవచ్చా?

కష్టం మీదే అయినా, డబ్బులిచ్చి తీయించుకున్న వీడియోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్ళేనని సెక్షన్ 17 చెబుతోంది. అడ్వాన్స్ తీసుకునేటప్పుడే రసీదు మీద 'ప్రచారం కోసం కొన్ని దృశ్యాలు సోషల్ మీడియాలో వాడుకునేందుకు అంగీకారం' అని ఒక లైన్ వేసి సంతకం పెట్టించుకోండి. వద్దన్నవాళ్ళవి పెట్టొద్దు.

నా పెద్ద వీడియోలనే ముక్కలు చేసి షార్ట్స్, రీల్స్ పెడితే రీయూజ్డ్ అంటారా?

మీ సొంతమైతే ఇబ్బంది లేదు. గంట ఇంటర్వ్యూలోంచి పది ముక్కలు తీయండి, కానీ ప్రతి ముక్కకూ మొదలు, ముగింపు ఉండాలి. గెస్ట్‌తో ముందే మాట్లాడుకోండి, వాళ్ళ మాటను సగంలో కోసి అర్థం మార్చడం అన్యాయం. ఒక యాప్ వాటర్‌మార్క్ ఉన్న వీడియోను ఇంకో యాప్‌లో పెట్టకండి. అలా కనిపించే రీల్స్‌ను పెద్దగా రికమెండ్ చేయబోమని ఇన్‌స్టా 2021లోనే చెప్పింది. ఎడిటింగ్ ఫైల్ నుంచి శుభ్రంగా ఎక్స్‌పోర్ట్ చేసి ఒక్కో చోట విడిగా అప్‌లోడ్ చేయండి.

షార్ట్స్ ఆదాయం లెక్కలో ఒరిజినల్ కాని వాటి వ్యూస్ తీసేస్తారు. సినిమా, సీరియల్ ముక్కలు ఎడిట్ లేకుండా పెట్టినవి, వేరే యాప్‌ల నుంచి ఇంకొకరివి తెచ్చి పెట్టినవి, సొంతంగా ఏమీ చేర్చని కంపైలేషన్లు అందులోకి వస్తాయి.

ఇన్‌స్టా, ఫేస్‌బుక్ పేజీలకు ఏం రూల్స్?

2024 ఏప్రిల్ చివర్లో ఇన్‌స్టా మార్పులు ప్రకటించింది. 30 రోజుల్లో 10 సార్లు, అంతకంటే ఎక్కువ వేరేవాళ్ళ వీడియోలు మార్పు లేకుండా పెట్టిన అకౌంట్లను రికమెండేషన్ల నుంచి తప్పిస్తామంది. ఒకే వీడియో రెండు చోట్ల కనిపిస్తే ఒరిజినల్‌నే ముందుకు తెస్తామంది. 2025 జులైలో ఫేస్‌బుక్ కూడా పదేపదే ఇతరుల కంటెంట్ ఎత్తే అకౌంట్లకు రీచ్ తగ్గిస్తామని, కొంతకాలం మానిటైజేషన్ ఆపేస్తామని చెప్పింది. నాకు ఈ మార్పు న్యాయంగా అనిపిస్తోంది. మీమ్ పేజీలు నడిపేవాళ్ళకు టెన్షన్ పెరిగిన మాట నిజమే. కానీ ఇన్నాళ్ళూ ఆ టెన్షన్ వీడియో తీసిన చిన్నవాడు ఒక్కడికే ఉంది.

బ్రహ్మానందం గారి ఎక్స్‌ప్రెషన్లు మధ్యలో వేస్తుంటాం. అదీ తప్పేనా?

ఒకటి రెండు సెకన్ల మీమ్ కట్ మీద ఎవరైనా కోర్టుకు పోవడం అరుదు. హక్కు మాత్రం నిర్మాతదే ఉంటుంది, సౌండ్‌తో కలిపి వేస్తే క్లెయిమ్ రావచ్చు. అంతకంటే పెద్ద గీత ఇంకోటుంది. నటుడి ముఖాన్ని, గొంతును మీ సరుకు అమ్మడానికి, లేదా ఏఐతో ఆయన అనని మాట అనిపించడానికి వాడకండి. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరు, రూపం, గొంతు దుర్వినియోగం కాకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు. యూట్యూబ్‌లో నిజంలా కనిపించే ఏఐ దృశ్యాలుంటే అప్‌లోడ్ చేసేటప్పుడే ఆ విషయం టిక్ పెట్టి చెప్పాలి.

థియేటర్లో తీసిన 10 సెకన్ల ఎంట్రీ సీన్?

తీయొద్దు, పెట్టొద్దు. 2023 సవరణ తర్వాత సినిమాటోగ్రాఫ్ చట్టం కింద అనుమతి లేకుండా థియేటర్లో రికార్డు చేస్తే 3 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు ఉంది, జరిమానా 3 లక్షల నుంచి మొదలవుతుంది.

క్లెయిమ్ వచ్చింది. ఛానల్ పోతుందా?

క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. కంటెంట్ ఐడీ క్లెయిమ్ వస్తే ఆ వీడియో ఆదాయం వాళ్ళకు పోవచ్చు, లేదా వీడియో బ్లాక్ కావచ్చు. మామూలుగా ఛానల్‌కు మచ్చ రాదు. యూట్యూబ్ స్టూడియోలోనే ఆ ముక్క కట్ చేయొచ్చు, పాట తీసేయొచ్చు. న్యాయం మీ వైపు ఉందనిపిస్తే డిస్ప్యూట్ (క్లెయిమ్ తప్పనే అభ్యంతరం) వేయండి, క్లెయిమ్ వచ్చిన 5 రోజుల్లోపు వేస్తే మొదటి రోజు నుంచి ఆదాయాన్ని పక్కన పెడతారు. అవతలివాళ్ళకు జవాబివ్వడానికి 30 రోజులు. కోపంలో అన్నిటికీ డిస్ప్యూట్ వేయకండి, తప్పు డిస్ప్యూట్ స్ట్రైక్ దాకా తీసుకుపోవచ్చు.

స్ట్రైక్ అంటే హక్కుదారు టేక్‌డౌన్ నోటీసు ఇచ్చారని. కాపీరైట్ స్కూల్ పూర్తి చేస్తే 90 రోజులకు పోతుంది. ఆలోపు మూడు పడితే ఛానల్ తీసేస్తారు. వీడియో డిలీట్ చేసినంత మాత్రాన స్ట్రైక్ పోదు. ముందు నోటీసు ఇచ్చినవాళ్ళతో మర్యాదగా మాట్లాడి వెనక్కు తీసుకోమని అడగండి. కుదరకపోతే కౌంటర్ నోటిఫికేషన్, అంటే వీడియో తీసేయడం తప్పని, తిరిగి పెట్టమని యూట్యూబ్‌కు ఇచ్చే జవాబు. అది చట్టబద్ధమైన ప్రకటన. మీ అసలు పేరు, అడ్రసు అవతలివాళ్ళకు వెళ్తాయి. వాళ్ళు అమెరికా పనిదినాలు 10 లోపు కోర్టుకు వెళ్ళినట్టు చూపించకపోతే వీడియో తిరిగి రావచ్చు. గెలుస్తామన్న నమ్మకం లేకుండా ఇది వేయకండి.

నా వీడియోనే ఎవరో ఎత్తేశారు. ఏం చేయాలి?

ముందు సాక్ష్యం దాచండి. వాళ్ళ వీడియో లింకు, తేదీ కనిపించే స్క్రీన్‌షాట్, మీ ఒరిజినల్ ఫైలు, ఫోన్‌లోని రా ఫుటేజ్. తర్వాత యూట్యూబ్ స్టూడియోలో కాపీరైట్ విభాగం నుంచి రిమూవల్ రిక్వెస్ట్ పెట్టండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాల్లోనూ కాపీరైట్ ఫారం ఉంది, మామూలు 'రిపోర్ట్' బటన్ కంటే అదే పనిచేస్తుంది. మన చట్టం ప్రకారం నేరుగా ప్లాట్‌ఫామ్‌కు రాతపూర్వక ఫిర్యాదు ఇస్తే, ఫిర్యాదు సరిగా ఉందనుకుంటే, 36 గంటల్లో ఆ వీడియో అందుబాటులో లేకుండా చేయాలి. 21 రోజుల్లోపు మీరు కోర్టు ఉత్తర్వు తెచ్చుకోకపోతే తిరిగి పెట్టొచ్చు.

యూట్యూబ్ ఫారంలో రెండు దారులుంటాయి. వెంటనే తీయమనడం ఒకటి, 7 రోజుల గడువిచ్చి తీయమనడం ఇంకోటి. రెండో దారిలో అవతలివాళ్ళు ఆ గడువులోపు తామే తీసేస్తే వాళ్ళకు స్ట్రైక్ పడదు. ఎత్తింది డబ్బు చేసుకునే పెద్ద పేజీ అయితే మొదటిది. మీలాగే ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన కుర్రాడైతే 7 రోజుల గడువు పెట్టి, ఎందుకు తీయాలో కామెంట్లో రెండు ముక్కలు రాయండి.